దొంగ సీసా

ముక్కుతాత ముక్కు గురించి వినాలంటే ముందు ఆయన చెప్పినదాంట్లో సగం తీసి పక్కన పెట్టాలి. మిగిలిన సగంలో మళ్లీ సగం నమ్మితే ఎవరికీ నష్టం లేదు. రేపు కురవబోయే వానను ఆయన ఇవాళే పసిగట్టేవాడట. మూట విప్పకముందే పిండిలో పురుగు పడిందో లేదో, పడితే అది ఆడదో మగదో చెప్పేవాడట. ఒకసారి నాలుగు వీధుల అవతల ఎవడో అబద్ధమాడబోతుంటే ఆ వాసన తగిలి ఈయనకు తుమ్మొచ్చిందట. ఆ తుమ్ము వినపడి వాడు హడలిపోయి నిజం కక్కేశాడట. ఇవన్నీ ఆయన నోటివెంట వచ్చినవే కాబట్టి సాక్ష్యం అడిగి లాభం లేదు.

ఒక్క సంగతి మాత్రం వీధంతా ఒప్పుకునేది. ఆయన రొట్టెల కొట్లో పొయ్యికి గడియారం లేదు. పిండి కలపడం, పిసకడం, గల్లా దగ్గర కూర్చోవడం అన్నీ కొడుకు చేతికి వచ్చేశాయి గాని, "తియ్యండిరా" అనే మాట మాత్రం తాతది. ఇనప తలుపు కాస్త తెరిచి, ఆ సందులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని ఆయన ఆ మాట అన్నాకే రొట్టె బయటికి రావాలి. కాస్త ముందైతే పచ్చి, కాస్త వెనకైతే మాడు.

అలాంటి ముక్కు చలికాలంలో వచ్చిన జ్వరంతో పాటే వెళ్లిపోయింది. జ్వరం తగ్గింది, ఆకలి తిరిగొచ్చింది, వాసన మాత్రం రాలేదు. కాఫీ అయినా కుళాయి నీళ్లయినా ఒకటే అయిపోయింది. ఉల్లిపాయ తరుగుతుంటే కళ్లు మండేవి, ఎందుకు మండుతున్నాయో ముక్కు చెప్పేది కాదు. మొహం మధ్యలో అంత పెద్ద ముక్కూ మూసేసిన కొట్టు మీద బోర్డులా మిగిలింది.

తాత ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. మేడమీద కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. "నాన్నా, ఈ సెగ మీకెందుకు, హాయిగా పైన కూర్చోండి, నేను గడియారం పెట్టుకుంటాను" అని కొడుకు ఎప్పటినుంచో పోరుతున్నాడు. కుర్చీలోకి మెత్తటి దిండు కూడా కొనుక్కొచ్చాడు. ఆ దిండు కనబడితే చాలు, తాతకు ఒళ్లు మండేది. చెడ్డ కొడుకైతే నాలుగు తిట్టి పొయ్యి దగ్గరే నిలబడొచ్చు. మంచి కొడుకుతో అదే చిక్కు, దెబ్బలాడటానికి కూడా వీలుండదు. ఒక్కసారి ఆ దిండు మీద కూర్చుంటే మళ్లీ కిందికి పిలిచేవాళ్లు ఉండరు.

అందుకని తాత దొంగ విద్యలు మరిగాడు. ముక్కు పెట్టినట్టు నటిస్తూ తలుపు సందుకు చెవి ఒగ్గేవాడు, చెంప ఆనించేవాడు. ఏదో వినపడేది, ఏదో తగిలేది, "తియ్యండిరా" అనేవాడు. రొట్టె బాగానే వచ్చేది. అయినా రోజూ పొద్దున, ఈ పూటకి గండం గడిచిందనుకుంటూ మెట్లెక్కేవాడు.

అసలు గండం ఆ మెట్ల పైనే కాచుకుని ఉంది.

తాత కోడలు ఒకప్పుడు బడిలో సైన్సు చెప్పేది. "పిల్లల్ని కూర్చోబెట్టడానికి సగం పూట, కూర్చున్నారో లేదో చూడ్డానికి సగం పూట. ఇక చదువెప్పుడు?" అంటూ ఆ పని మానేసి, తన పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతోంది. మేడమీద పిండి మూటల గదే వాళ్ల బడి. మూటలే బెంచీలు. పెద్దది ఆడపిల్ల, పిడుగు. కన్నవాళ్లు ముద్దుగా వేరే పేరేదో పెట్టారు గాని, అది వాళ్లకే గుర్తుండదు. దాని తమ్ముడు బుడ్డోడు, అక్క ఏం చేస్తే అదే, కాకపోతే ఇంకాస్త గట్టిగా చేసే రకం.

ఆ రోజుల్లో పాఠం కళ్లూ చెవులూ ముక్కూ నాలుకా చర్మం. పుస్తకంలో చదవడం కాదు, చేసి చూడటం. ఒక గిన్నెలో వేడినీళ్లు, ఒక గిన్నెలో మంచునీళ్లు పెట్టి చెరో చెయ్యీ ముంచమని, తర్వాత రెండు చేతులూ కలిపి గోరువెచ్చటి నీళ్లలో పెట్టమంది కోడలు. అవే నీళ్లు, ఒక చెయ్యి చల్లగా ఉన్నాయంటుంది, రెండో చెయ్యి కాలిపోతున్నాయంటుంది. ఒకే ఇంట్లో తోడికోడళ్లలా రెండు చేతులూ తగువుకు దిగాయి. ఆ తగువు చూసిన పిల్లలకు వెర్రెక్కింది. గిన్నెలు పట్టుకుని కిందికి దిగి, రొట్టెకోసం వచ్చినవాళ్ల చేతులన్నీ ముంచి గాని వదల్లేదు.

కోడలి బడిలో ఒక చట్టం ఉంది. ఏ పరీక్ష పెట్టినా అందులో ఏమీ లేనిది ఒకటి కలపాలి. దాన్ని వాళ్లు దొంగ సీసా అనేవాళ్లు. "ఏమీ లేని చోట ఏమీ లేదని చెప్పగలిగితేనే, ఉన్న చోట మీ మాట నేను నమ్ముతాను" అనేది కోడలు. దొంగ సీసాను పట్టుకోవడమంటే పిల్లలకు దొంగనే పట్టుకున్నంత సంబరం.

ఆ వేళ పాఠం ముక్కు.

"తాతా, రా. నువ్వు లేకపోతే ముక్కు పాఠమే లేదంది అమ్మ," అని పిడుగు చెయ్యి పట్టుకుంది.

"పొయ్యి దగ్గర పనుందే."

"పొయ్యి చల్లారింది. చెయ్యి పెట్టి చూసొచ్చా."

"నడుం నొప్పి."

"కూర్చునే వాసన చూడొచ్చు."

"ఇవాళ ముక్కుకి సెలవు."

"ఎవరిచ్చారు?"

అంటూనే తాతను మూటల గదిలోకి లాక్కెళ్లింది. తాత పిండి మూట మీద కూలబడ్డాడు.

ఖాళీ జామ్ సీసాలకు చుట్టూ కాగితం అంటించి, మూతలకు బెజ్జాలు పొడిచి వరసగా పెట్టింది పిడుగు. లోపల ఏముందో దానికొక్కదానికే తెలుసు. మొదట బుడ్డోడు వాసన చూసి అమ్మ చెవిలో చెప్పాలి, తర్వాత తాత పైకి చెప్పాలి.

తాత మొదటి సీసా తీసుకుని ముక్కు దగ్గరికి తెచ్చేలోపు చిన్నగా ఊపాడు. గలగలమంది. "లవంగాలు," అన్నాడు. రెండోది ఊపితే ఇసక జారినట్టు సవ్వడి. "కాఫీ పొడి. అదీ పాతది." మూడోదాంట్లో ఏదో గోడకు తగిలి దబ్బుమంది. "సబ్బు. స్నానం సబ్బు, బట్టల సబ్బు కాదు." బుడ్డోడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తాతకు ప్రాణం లేచొచ్చింది. ఈ లెక్కన ముక్కే అక్కర్లేదు, ఇన్నాళ్లూ అనవసరంగా మోశాను అనుకున్నాడు.

"మావయ్యా, ఊపకూడదండీ," అంది కోడలు.

"ఊపడమా? వయసమ్మా. చెయ్యి దానంతటదే వణుకుతుంది."

పిడుగు లేచింది. వెళ్లి ఇంకో వరస తెచ్చింది. ఈసారి అన్నీ దూది ఉండలే, ఒక్కోటి ఒక్కోదాంట్లో తడిపి పెట్టింది. ఊపితే చప్పుడు లేదు, బరువులో తేడా లేదు.

కాని కోతలు కోసేవాడికి కత్తులకు కొదవా? బుడ్డోడి మొహం చూశాడు. సీసా ముక్కుకు తగలగానే వాడు కళ్లు చికిలించి, మెడ వెనక్కి లాక్కున్నాడు. "వెనిగర్," అన్నాడు తాత, దర్జాగా. తర్వాతిదానికి వాడి నోరూరి గుటక పడింది. "నిమ్మకాయ." ఇంకోదానికి వాడి మొహం వికసించింది. "వెనిల్లా. మన కొట్లోదే, కొట్టేశావా పిడుగా?"

చివరి సీసా వచ్చింది. బుడ్డోడు పీల్చాడు. వాడి మొహంలో ఏమీ లేదు, ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. అమ్మ చెవిలో ఏదో చెప్పి కూర్చున్నాడు.

తాత సీసా అందుకుని గట్టిగా పీల్చాడు. ముగ్గురూ తననే చూస్తున్నారు. ఊరుకుంటే అనుమానం. ఊరుకోవడం ఆయన వంశంలోనే లేదు.

"ఇది మామూలు వాసన కాదమ్మా," అని మొదలుపెట్టాడు. "ఇలాంటిది నా జన్మలో ఒక్కసారే తగిలింది. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు, మా యజమాని ఒక పువ్వు తెప్పించాడు. ఏనుగు మీద తెచ్చారు దాన్ని. చిన్న పువ్వే, కాని దాని వాసన బరువు. ఎడ్లబండి మీద పెడితే ఇరుసు విరిగింది. దాని నూనె ఒక్క బొట్టు పిండిలో పడితే, ఆ రొట్టెలు తిన్నవాళ్లు వారం రోజులు ఒకళ్లనొకళ్లు తిట్టుకోలేకపోయారు. మొగుడూ పెళ్లాలు విసుగెత్తిపోయారు. ఇదిగో, ఆ పువ్వే. కొంచెం యాలకుల జీర ఉంది."

బుడ్డోడు మూట మీదనుంచి కిందపడి దొర్లుతున్నాడు. "తాతా, దొంగ సీసా! దొంగ సీసా!"

పిడుగు మూత తీసి సీసా బోర్లించింది. పొడి దూది ఉండ ఒకటి రాలింది.

కోడలు మాత్రం నవ్వలేదు. మావగారి మొహంలోకి చూస్తోంది. తాత కూడా నవ్వబోయి ఆగిపోయాడు. పిడుగు కళ్లు మిలమిలా మెరుస్తున్నాయి. అది నవ్వే పిల్ల చూపు కాదు, వేట కనబడ్డ పిల్ల చూపు.

"తాతా, కళ్లు మూసుకో. ఒక్క వాసన. ఇదే ఆఖరు."

మూసుకున్నాడు. వెనిల్లా సీసా మూత తీసేసి సరిగ్గా ఆయన ముక్కు కిందికి తెచ్చింది. పక్కనున్న బుడ్డోడికి కూడా గుప్పున తగిలింది.

"ఊఁ, పెట్టవే. ఎంతసేపు?" అన్నాడు తాత.

పిడుగు సీసా కింద పెట్టింది. మరుక్షణం మెట్ల మీద దడదడ. కొత్త నక్షత్రం కనిపెట్టినవాడు కూడా అంత వేగంగా పరిగెత్తి ఉండడు. కొట్లో తండ్రి ముందు, కొనడానికొచ్చిన నలుగురి ముందు అది చాటింపు వేసింది. "నాన్నా, తాతకి వాసన రాదు. అసలేం రాదు. నేనే కనిపెట్టా."

ఎదురింటి దర్జీ చేతిలో సగం కొరికిన బన్ను అలాగే ఆగింది. "అయితే ఇన్నాళ్లూ నేను తింటున్నది ఎవరి పూచీ మీద?" అన్నాడు.

తాత మెట్లు దిగి వచ్చేసరికి కొడుకు గల్లా వదిలి నిలబడ్డాడు.

"ఎప్పటినుంచి నాన్నా?"

"జ్వరం నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

తాత మేడ వైపు చూశాడు. కొడుక్కి అర్థమైంది. అర్థమైనా తగ్గలేదు. "లోపల ఏదన్నా అంటుకుంటే మీకెలా తెలుస్తుంది? ఇంక వద్దు నాన్నా. పైన కూర్చోండి. రేపటినుంచి గడియారం."

అన్నంత పనీ చేశాడు. ఎప్పుడో కొని దాచిన గడియారం అట్టపెట్టెలోంచి తీసి పొయ్యి పైన మేకుకి తగిలించాడు. అది టిక్కుటిక్కుమంటుంటే తాతకు తన పని ఎవడో నమిలేస్తున్నట్టనిపించింది.

పిడుగు మొహం వాడింది. తను కనిపెట్టిన గొప్ప సంగతి తాతను పొయ్యి దగ్గరనుంచి తోసేస్తుందని అది అనుకోలేదు. గోడకు ఆనుకుని కాసేపు గోళ్లు కొరికింది. ఉన్నట్టుండి తల ఎత్తింది.

"అమ్మా, ముక్కు పనిచెయ్యట్లేదు కదా. మరి ఇన్నాళ్లూ రొట్టె ఎవరు తీయించారు?"

కోడలు కూడా అప్పుడే ఆ మాట అనబోతోంది. మావగారి వైపు తిరిగింది. "నిజమే మావయ్యా. ఒక్క వాయి కూడా మాడలేదు. ఎలా తెలిసేదండీ?"

"ఏముందమ్మా, దొంగతనం," అన్నాడు తాత, తలొంచుకుని. "చెవి పెట్టేవాణ్ణి. చెంప పెట్టేవాణ్ణి."

"చెవా?" అని పిడుగు ఎగిరింది. "చెంపా? అంటే రొట్టె వినబడుతుందా? అమ్మా, పరీక్ష పెడదాం. ఇప్పుడే."

"అది పరీక్షేంటి, అది వ్యాపారం," అన్నాడు కొడుకు.

"నేను చెప్పింది నమ్మకండి, మీరు చేసి చూడండి," అంది కోడలు. ఆ మాట ఆవిడ పిల్లలతో ఎన్నిసార్లు అని ఉంటుందో, మొగుడితో అనడం మాత్రం అదే మొదలు. "సాయంత్రం వాయికి పెడదాం. తప్పితే మావయ్యే పైన కూర్చుంటారు. ఏం మావయ్యా?"

తాత ఊఁ అనక తప్పలేదు.

సాయంత్రానికి ఆ కబురు వీధంతా పాకింది. రొట్టె కావలసినవాళ్లూ వచ్చారు, అక్కర్లేనివాళ్లూ వచ్చారు. దర్జీ కత్తెర మెడలో వేసుకునే వచ్చాడు. ఆ పొయ్యికి పక్కపక్కనే రెండు అరలు, రెండు ఇనప తలుపులు. తాతను కొట్టు బయట కూర్చోబెట్టి, లోపల ఏం చేస్తున్నారో తెలియకుండా తలుపేశారు. ఎప్పుడు పెట్టారో, ఏ అరలో పెట్టారో, రెండిట్లోనూ పెట్టారో ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత పిలిచి, కళ్లకు తువ్వాలు కట్టి, ముక్కుకు బట్టల క్లిప్పు తగిలించారు.

"నాదెలాగూ పనిచెయ్యదు కదే," అన్నాడు తాత, జలుబు చేసిన బాతులా.

"రూలు రూలే తాతా," అంది పిడుగు. బుడ్డోడు ఆయన్ను బొంగరంలా గిరగిరా తిప్పి వదిలాడు.

మొదటి తలుపు దగ్గరికి నడిపించారు. కొడుకు తలుపు కాస్త తెరిచాడు. తాత చెవి ఒగ్గాడు.

ఏమీ లేదు. కాలడం పూర్తయిన రొట్టె కూడా దాదాపు ఇలాగే ఊరుకుంటుంది. ఊరుకున్నదాన్ని వెంటనే తియ్యకపోతే అడుగు నల్లబడుతుంది. "తియ్యండిరా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెంటే ఏనుగూ, పువ్వూ, విరిగిన ఇరుసూ అన్నీ వరసకట్టి వచ్చాయి. ఇన్నేళ్లుగా నలుగురు చూస్తుండగా ఏమీ లేదని ఆ నోరు ఎప్పుడూ అనలేదు.

చెంప పెట్టాడు. కాలి ఊరుకున్న రొట్టెకు కూడా ఒక మెత్తటి ఆవిరి ఉంటుంది, దూడ నాకినట్టు చెంపకు తగులుతుంది. ఇక్కడ ఒట్టి ఇనప వేడి. మాట్లాడి మాట్లాడి ఊరుకున్న ఇల్లు వేరు, మనుషులే లేని ఇల్లు వేరు.

తాత నిటారుగా నిలబడ్డాడు. "ఇందులో ఏమీ లేదు," అన్నాడు.

బుడ్డోడు "దొంగ సీసా" అని వేయబోయిన కేక కోడలి అరచేతి కింద నలిగింది.

రెండో తలుపు తెరిచారు. చెవి పెట్టగానే తాత మొహం మారిపోయింది. రొట్టె డబ్బాల అంచుల్లో వెన్న సన్నగా సుయ్యిమంటోంది. గుసగుసలాడుతున్న పెళ్లివారిల్లులా ఉంది లోపల. చెంప మీద ఆవిరి తడి. "ఇంకా కబుర్లలో ఉన్నాయి," అని తలుపు మూయించాడు. కాసేపాగి మళ్లీ తెరిపించాడు. గుసగుసలు పలచబడ్డాయి. ఇంకోసారి తెరిపించాడు. ఈసారి సవ్వడి ఒక్క దారప్పోగంత మిగిలింది, అదీ తెగింది.

"తియ్యండిరా!"

"గడియారం ఇంకా కొట్టలేదు నాన్నా."

"దానికి నోరొక్కటే ఉందిరా, చెవుల్లేవు. తియ్యి."

కొడుకు సగం డబ్బాలు తీశాడు, సగం గడియారానికి వదిలాడు. తీసినదాంట్లో ఒక రొట్టె బోర్లించి అడుగున వేలితో కొట్టాడు. డొల్లగా, నిండుగా మోగింది. విరిచాడు. లోపల తెల్లగా, పొరలు పొరలుగా, ఎక్కడా జిగట లేదు. నమిలాడు. నమిలి, తండ్రి కళ్లకున్న తువ్వాలు తనే విప్పాడు. ముడి విప్పడానికి పట్టాల్సినదానికన్నా ఎక్కువసేపే పట్టింది.

గడియారం మోగాక రెండో సగం తీశారు. దర్జీని పంచాయితీకి పెట్టారు. వాడు రెండూ తిని, ఇంకోసారి రెండూ తిని, "గడియారం రొట్టెకి వంక పెట్టలేం. డబ్బులిచ్చి కొనుక్కుంటాం," అన్నాడు. "పెద్దాయన రొట్టెకైతే, ఐపోతుందేమోనని త్వరగా వస్తాం."

అప్పుడు పిడుగు అరిచింది. "అమ్మా, ఇటు రా. ఇది మాట్లాడుతోంది."

వేడి రొట్టెను గుడ్డలో చుట్టి చెవికి ఆనించుకుని ఉంది అది. చల్లారుతున్న పైపెచ్చు చిటపటా, చిటపటా పగులుతోంది, సన్నటి వాన రేకుల మీద పడ్డట్టు. బుడ్డోడు ఒకటి లాక్కుని రెండు చెవులకూ మార్చి మార్చి పెట్టుకున్నాడు. దర్జీ ఒకటి తీసుకున్నాడు. కొనడానికి వచ్చినవాళ్లూ, ఊరికే వచ్చినవాళ్లూ తలా ఒకటి తీసుకున్నారు. ఆ సాయంత్రం ఆ వీధిలో వెళ్లినవాళ్లకు కొట్టునిండా జనం చెవులకు రొట్టెలు పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కనబడ్డారు. విషయం ఏమిటో కనుక్కుందామని లోపలికి వచ్చినవాళ్ల చేతికీ ఒకటి అందింది.

చివరికి కొడుకు కూడా ఒకటి చెవికి పెట్టుకున్నాడు. "ఇంతకాలం ఇది నాకు వినపడలేదేంటి నాన్నా?"

"నువ్వు గల్లా చప్పుడు వింటున్నావురా."

గడియారాన్ని మాత్రం కొడుకు మేకు మీదే ఉంచాడు, అది అతని పట్టుదల. మాడు వాసన పసిగట్టే ఉద్యోగం బుడ్డోడి ముక్కుకు ఇచ్చారు. వాడు అప్పుడే ముక్కెగరేసుకుని కొట్టంతా కలయదిరుగుతున్నాడు. కొడుకు మెట్లెక్కి వెళ్లి, ఆ దిండు తెచ్చి పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద వేశాడు. తాత దాన్ని ఓసారి నొక్కి చూసి కూర్చున్నాడు. మెత్తగానే ఉంది.

కూర్చున్నాక నోరు ఊరుకుంటుందా.

"ముక్కు సంగతి సరే గాని, నా చెవి సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు," అని గొంతు సవరించుకున్నాడు. "ఒకసారి కొండ అవతల ఒక చీమకు కాలు బెణికి..."

"బుడ్డోడా," అంది పిడుగు, తాత మీదనుంచి చూపు తిప్పకుండా, "పైకెళ్లి ఖాళీ సీసా పట్రా."